అరుపు లోపల ఏముంది? నేపామ్ డెత్ ఆల్బమ్‌ని ఎలా వినాలి

ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు మీరో చిన్న పని చేయాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉంటే వాల్యూమ్ సగానికి తగ్గించండి. తగ్గించారా? ఇప్పుడొక పాట వేస్తున్నాను, వినండి.

అయిపోయింది.

మీ నెట్ ఏం ఆగిపోలేదు. ఆ 'గర్ర్' మన్న చప్పుడే పాట. మొత్తం పాట అంతే. పేరు 'యూ సఫర్'. నిడివి 1.316 సెకన్లు. రికార్డయిన పాటల్లో ప్రపంచంలోకెల్లా చిన్నదని గిన్నిస్ బుక్‌లోకి ఎక్కింది. నాలుగే నాలుగు మాటలు, అన్నీ కలిపి మనిషి బాధ గురించి ఒక ప్రశ్న. చేసిన బ్యాండ్ పేరు నేపామ్ డెత్. ఇంగ్లండ్ వాళ్లు.

చాలామందికి ఈ బ్యాండ్ గురించి తెలిసింది ఈ జోక్ పాట వరకే. రీల్స్‌లో వస్తుంది, నవ్వుకుంటాం, పైకి తోసేస్తాం. నేనూ అలాగే చేశాను. కానీ 2020లో వీళ్లదొక ఆల్బమ్ వచ్చింది. 'త్రోస్ ఆఫ్ జాయ్ ఇన్ ద జాస్ ఆఫ్ డిఫీటిజం' దాని పేరు. స్టూడియో ఆల్బమ్స్‌లో అది పదహారోది. ఒకరోజు అది ఇంట్లో బ్లూటూత్ స్పీకర్ మీద పెట్టాను. మా అమ్మమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. చివరి పాట వచ్చేసరికి తలెత్తి, "ఎవర్రా పాపం, అలా ఏడుస్తున్నాడు?" అంది. నేను పడీపడీ నవ్వాను. "ఏడుపు కాదమ్మమ్మా, పాట" అన్నాను. ఆ నవ్వు గురించి చివర్లో మళ్లీ చెప్తాను. ముందు ఈ ఆల్బమ్ ఎలా వినాలో చూద్దాం. ఎందుకంటే దీన్ని మామూలు పాటలు విన్నట్టు వింటే పది సెకన్లలో ఆపేస్తారు. అందులో మీ తప్పేం లేదు.

మొదట పేరు సంగతి. నేపామ్ అంటే వియత్నాం యుద్ధంలో అమెరికా వాడిన బాంబు. పెట్రోల్‌ని జిగురులా చిక్కగా చేస్తారు, అది ఒంటికి అంటుకుని మండుతూనే ఉంటుంది, దులిపినా పోదు. దాని పక్కన 'డెత్'. పేరు వింటే చావంటే సరదా పడే బ్యాచ్ అనిపిస్తుంది. నిజానికి వీళ్లు పూర్తిగా దానికి రివర్స్. 1981లో బర్మింగ్‌హామ్ దగ్గర మెరిడెన్ అనే ఊళ్లో నిక్ బుల్లెన్, మైల్స్ రాట్‌లెడ్జ్ అనే ఇద్దరు స్కూలు పిల్లలు ఈ బ్యాండ్ పెట్టారు. అప్పుడే టీనేజ్‌లోకి వచ్చిన వయసు. వాళ్లు వింటున్నది క్రాస్ లాంటి పంక్ బ్యాండ్స్‌ని, అంటే యుద్ధం వద్దు, ఎవరి మీదా ఎవరి పెత్తనం వద్దు అని పాడేవాళ్లని. ఆ భయంకరమైన పేరు యుద్ధాన్ని పొగడటానికి పెట్టింది కాదు, దాని మొహం చూపించడానికి పెట్టింది.

ఇప్పుడు గ్రైండ్‌కోర్ అంటే ఏంటి? చాలా సింపుల్‌గా చెప్తాను. పంక్ పాటల నుంచి రెండు తీసుకున్నారు: పాట చిన్నగా ఉండటం, లోకంలో జరిగే అన్యాయం మీద సూటిగా మాట్లాడటం. మెటల్ నుంచి ఇంకోటి తీసుకున్నారు: గిటార్ బరువు. ఈ మూడూ కలిపి, మనిషి చేతులు ఎంత వేగంగా ఆడగలవో అంత వేగం పెట్టారు. గ్రైండ్ అంటే రుబ్బడమే కదా. రోట్లో పప్పు పడ్డట్టు శబ్దాలన్నీ కలిసి ఒకే ముద్ద అవుతాయి. ఈ పేరు పెట్టింది వాళ్ల డ్రమ్మర్ మిక్ హారిస్ అని చెప్తారు.

ఆ వేగానికి ప్రాణం డ్రమ్స్. అక్కడ వినిపించే దాన్ని బ్లాస్ట్ బీట్ అంటారు. మీకు తీన్మార్ తెలుసు కదా. అందులో దెబ్బకీ దెబ్బకీ మధ్య చిన్న ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలోనే మన కాలు లేస్తుంది, భుజం ఊగుతుంది. డాన్స్ పుట్టేది ఆ ఖాళీలోంచే. బ్లాస్ట్ బీట్‌లో ఆ ఖాళీ తీసేస్తారు. కాలితో కొట్టే బాస్ డ్రమ్, చేత్తో కొట్టే స్నేర్, సింబల్, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి, ఊపిరి తీసుకునే సందు లేకుండా పడతాయి. అందుకే మొదటిసారి విన్నప్పుడు ఒంటికి ఏం చేయాలో తోచదు. కాలు ఎక్కడ వేయాలో తెలియదు. "ఇదేం సంగీతం రా బాబూ" అనిపించేది సరిగ్గా అందుకే. చెవికి పట్టుకోవడానికి కొక్కెం దొరకదు.

ఇక వాళ్ల మొదటి ఆల్బమ్ 'స్కమ్' 1987లో వచ్చింది. దాని కథ వింటే, స్టూడియో లేదు, డబ్బుల్లేవు అని ఆగిపోయిన వాళ్లకి కాస్త ధైర్యం వస్తుంది. మొదటి సైడ్‌ని 1986 ఆగస్టులో బర్మింగ్‌హామ్‌లో ఓ చిన్న స్టూడియోలో రికార్డ్ చేశారు. ఖర్చు 50 పౌండ్లు అని చెప్తారు. రెండో సైడ్ 1987 మేలో. ఈ మధ్యలో బ్యాండ్ దాదాపు మొత్తం మారిపోయింది. రెండు సైడ్స్‌లోనూ ఉన్న మనిషి మిక్ హారిస్ ఒక్కడే! ఎయిరేక్ అనే చిన్న కంపెనీ దాన్ని విడుదల చేసింది. 28 పాటలు, అన్నీ కలిపి అరగంట పైచిలుకు. మనం ఇందాక విన్న 'యూ సఫర్' అందులోదే.

మరి ఇలాంటి దాన్ని ఎవరు వింటారు? ఒకాయన విన్నాడు. బీబీసీ రేడియో వన్‌లో జాన్ పీల్ అని పేరున్న ప్రెజెంటర్. ఎవరూ పట్టించుకోని కొత్త బ్యాండ్స్‌ని వెతికి వెతికి వేసేవాడు. ఆయన వీళ్ల పాటలు రేడియోలో వేశాడు, అదే ఏడాది తన షో కోసం రికార్డ్ చేయడానికి పిలిపించాడు. అలా ఎక్కడో చిన్న హాల్స్‌లో వాయించుకునే కుర్రాళ్ల గోల దేశం మొత్తం ఇళ్లలోకి వెళ్లింది.

అప్పటి నుంచి ఇప్పటివరకు బ్యాండ్‌లో మనుషులు మారుతూనే వచ్చారు. మొదలుపెట్టిన ఇద్దరిలో ఒక్కరూ లేరు. బాస్ గిటార్ షేన్ ఎంబరీ 1987 నుంచి ఉన్నాడు. పాడే బార్నీ గ్రీన్‌వే 1989లో వచ్చాడు. డ్రమ్మర్ డానీ హెరేరా 1991లో వచ్చాడు. అంటే 2020 ఆల్బమ్ చేసేటప్పటికి డానీ ఈ వేగంతో కొట్టడం మొదలై 29 ఏళ్లు. మన ఫోన్‌లో ఒక యాప్ అన్నేళ్లు ఉంటుందా చెప్పండి.

సరే, ఇప్పుడు ఆల్బమ్ దగ్గరికి వద్దాం. పేరులోనే సగం విషయం ఉంది. ఓడిపోయామనే ఆలోచన కోరల్లో చిక్కుకుని కూడా సంతోషంతో గిలగిల్లాడటం, అలాంటి అర్థం వస్తుంది. కవర్ మీద ఒక తెల్ల పావురం, దాన్ని నలిపేస్తున్న గ్లవ్స్ వేసుకున్న చెయ్యి. పావురం అంటే శాంతి అని మనకి చెప్పక్కర్లేదు. గ్లవ్స్ ఎందుకు? ముట్టుకుంటే అంటుకుంటుందని భయం ఉన్నప్పుడు మనం గ్లవ్స్ వేసుకుంటాం. ఎదుటివాణ్ణి మనిషిలా కాకుండా జబ్బులా చూసే చెయ్యి అది. నేను దాన్ని అలా అర్థం చేసుకున్నాను.

ఈ ఆల్బమ్ రాస్తున్నప్పుడు తన మనసులో తిరిగిన మాట 'అదర్' అని బార్నీ చెప్పాడు. అంటే పరాయివాడు. మనవాడు కాదు అని ఒకసారి ముద్ర వేసేస్తే, ఆ తర్వాత వాడికి ఏం జరిగినా మనకి పట్టదు. వేరే దేశం నుంచి ప్రాణం అరచేతిలో పెట్టుకుని వచ్చినవాడు కావచ్చు, మనలా ప్రేమించని వాళ్లు కావచ్చు. 12 పాటల్లో చాలా వరకు ఈ చుట్టూనే తిరుగుతాయి.

దీన్ని మూడుసార్లు వినమంటాను. ఒకే రోజు వద్దు.

మొదటిసారి లిరిక్స్ పక్కన పెట్టండి. ఏం అంటున్నాడో పట్టుకోవాలని అస్సలు ప్రయత్నించకండి, కుదరదు. ఫస్ట్ పాట నుంచి మొదలుపెట్టకండి కూడా. తొమ్మిదో పాట 'అమోరల్' తో మొదలుపెట్టండి. అందులో బ్లాస్ట్ బీట్ గోల లేదు. పాత పోస్ట్ పంక్ పాటల్లా తిన్నగా నడిచే బీట్, గిటార్‌లో గుర్తుండిపోయే ట్యూన్ ఉంటాయి. చెవికి ఒక కొక్కెం దొరుకుతుంది. ఆ తర్వాత ఆరో పాట 'ఇన్విగరేటింగ్ క్లచ్'. ఇది నెమ్మదిగా, బరువైన రోలర్ రోడ్డు మీద వెళ్తున్నట్టు ఉంటుంది. ఈ రెండూ విన్నాక మొదటి పాటకి వెళ్లండి. ఇప్పుడా వేగం మీకు గోలలా కాదు, వాళ్లు కావాలని ఎంచుకున్న వేగంలా వినిపిస్తుంది. నెమ్మదిగా వాయించడం వాళ్లకి వచ్చు, తెలిసీ ఇలా వాయిస్తున్నారు అని అర్థమైపోతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. ఫోన్ స్పీకర్‌లో వినొద్దు. ఇది స్టైల్ కోసం చెప్పట్లేదు. ఫోన్ స్పీకర్ మన గోరంత ఉంటుంది. లోతైన శబ్దం రావాలంటే ఎక్కువ గాలి కదలాలి, అంత చిన్న స్పీకర్ అంత గాలిని కదపలేదు. ఈ బ్యాండ్ గిటార్స్‌ని మామూలు కంటే కిందికి శ్రుతి చేస్తుంది. ఎంబరీ బాస్ గిటార్ బాగా గరగరలాడుతూ పాటకి నేల పరిచినట్టు ఉంటుంది. ఫోన్‌లో వింటే ఆ నేల మొత్తం మాయమైపోతుంది. మిగిలేది సింబల్స్ చిలచిల, పైన అరుపు. మెటల్ అంటే చిరాకు అనే వాళ్లలో సగం మంది అసలు మెటల్ వినలేదు, ఫోన్ స్పీకర్ విన్నారు. మామూలు ధరలో దొరికే ఇయర్‌ఫోన్స్ చాలు.

అలాగని వాల్యూమ్ పెంచేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ఇది: 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటల వరకు వినొచ్చు. అదే 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలే. పది పెరిగితే టైమ్ పదో వంతుకి పడిపోయింది చూడండి. పోయిన వినికిడి తిరిగి రాదు. ఈ సంగీతం తక్కువ సౌండ్‌లో కూడా వేగంగానే ఉంటుంది, బరువుగానే ఉంటుంది. చెవులు పోగొట్టుకుంటేనే నిజమైన ఫ్యాన్ అనేది ఉత్త మాట.

ఇక సౌండ్ అంటే వీళ్లకి ఎంత పేరుందో చెప్పడానికి ఒక సంగతి. 2013లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వీళ్ల ప్రోగ్రామ్ పెట్టారు. కీత్ హారిసన్ అనే కళాకారుడు పింగాణీ, మట్టితో స్పీకర్స్ తయారు చేస్తాడు, వాటిలోంచి బ్యాండ్ వాయిస్తుంది, ఆ అదురుకి అవి బీటలు వారతాయా లేదా చూడటం దాని ఉద్దేశం. చివర్లో మ్యూజియం వాళ్లు క్యాన్సిల్ చేసేశారు. ఎందుకంటే ఆ అదురుకి తమ పాత బిల్డింగే దెబ్బతింటుందేమోనని భయం! తర్వాత అదే ఏడాది నవంబరులో సముద్రం ఒడ్డున బెక్స్‌హిల్ అనే ఊళ్లో ఆ ప్రోగ్రామ్ జరిగింది.

రెండోసారి వినేటప్పుడు లిరిక్స్ ముందు పెట్టుకోండి. ఆల్బమ్ లోపల వేసిన పేజీల్లో ఉంటాయి, నెట్‌లో కూడా దొరుకుతాయి. ఇక్కడ చాలామంది అడిగే డౌట్: "ఎలాగూ అర్థం కానప్పుడు మాటలు రాయడం ఎందుకు?" మంచి ప్రశ్న. బార్నీ గొంతు మామూలు గొంతు కాదు. మనం మాట్లాడేటప్పుడు కదిలే స్వరతంత్రుల పైన ఇంకో జత మడతలు ఉంటాయి. ఇలా గర్జించేవాళ్లు వాటిని కూడా అదిరేలా చేస్తారు. నేర్చుకుని చేసేవాళ్లు గొంతు పాడవకుండా ఏళ్ల తరబడి పాడతారు. మీరు బాత్‌రూమ్‌లో ట్రై చేస్తే మర్నాడు మాట రాదు, జాగ్రత్త. ఆ గొంతులో అక్షరాలు నలిగిపోతాయి, కానీ ఆవేశం నలగదు. కాగితం మీద మాట, చెవిలో ఆవేశం. రెండూ కలిపి చూస్తేనే పాట పూర్తవుతుంది.

మొదటి పాట పేరులో బూతు ఉంది కాబట్టి చెప్పను. విషయం మాత్రం మన అందరిదీ. 'ఫ్యాక్టాయిడ్' అంటే పదిసార్లు చెప్పీ చెప్పీ నిజంలా చలామణి అయ్యే అబద్ధం. పొద్దున లేవగానే ఫ్యామిలీ గ్రూప్‌లో వచ్చే ఫార్వర్డ్స్ గుర్తొచ్చాయా? నాకూ అవే గుర్తొచ్చాయి. నాలుగో పాట 'కంటేజియన్'. పేరు చూసి కరోనా మీద అనుకోకండి. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి నడిచి వచ్చే జనాన్ని అంటువ్యాధిలా చూడటం మీద రాసింది. కవర్ మీద గ్లవ్స్ ఇప్పుడు మళ్లీ చూడండి.

ఇది వీళ్లకి కొత్త కాదు. దీనికి ముందు 2015లో వచ్చిన 'అపెక్స్ ప్రెడేటర్ – ఈజీ మీట్' ఆల్బమ్‌కి ప్రేరణ బంగ్లాదేశ్‌లో జరిగిన ఘోరం. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రానా ప్లాజా అనే బిల్డింగ్ కూలింది. అందులో బట్టల ఫ్యాక్టరీలు ఉండేవి. గోడలు బీటలిచ్చాయని ముందు రోజే తెలిసింది. అయినా పనిలోకి రమ్మన్నారు. 1,100 మందికి పైగా చనిపోయారు. చాలామంది ఆడవాళ్లు. వాళ్లు కుట్టిన బట్టలు యూరప్, అమెరికా షాపుల్లో అమ్ముడయ్యేవి. ఇంగ్లండ్‌లో కూర్చున్న ఒక గోల బ్యాండ్ దాని గురించి ఆల్బమ్ చేసింది. నేను ఆ వార్త చదివి రెండో రోజుకి మర్చిపోయాను, నిజం చెప్తున్నాను.

అసలు ఈ కోపం వింటే మనకీ కోపం పెరగదా, చెడిపోమా అని పెద్దవాళ్లు అడుగుతారు. న్యాయమైన భయమే. నా వరకు నేను చెప్పగలిగేది ఒకటి. కోపంలో రెండు రకాలున్నాయి. నాకు దక్కలేదు, నన్ను అన్నారు అనే కోపం ఒకటి. వాడికి అలా జరిగిందే, ఎవరూ అడగరేంటి అనే కోపం ఇంకోటి. మెటల్ మొత్తం రెండో రకమే అని నేను చెప్పను, అబద్ధం అవుతుంది. అమ్మాయిల మీద చెత్తగా రాసిన పాటలు, రక్తం కోసమే రక్తం చూపించే పాటలు ఈ సంగీతంలో బోలెడున్నాయి. అందుకే లిరిక్స్ చదవమంటున్నాను. ఎవడు ఎవరి మీద అరుస్తున్నాడో, ఎవరి కోసం అరుస్తున్నాడో తెలుసుకుని వినండి.

మూడోసారి పొద్దుపోయాక, ఫోన్ పక్కన పడేసి, మొదటి నుంచి చివరి దాకా వినండి. నలభై నిమిషాలు కాస్త అటూ ఇటూ. మధ్యలో స్కిప్ చేయకండి. పదకొండు పాటలు మిమ్మల్ని ఊపిరాడనివ్వవు. అప్పుడొస్తుంది పన్నెండోది, 'ఎ బెల్లీఫుల్ ఆఫ్ సాల్ట్ అండ్ స్ప్లీన్'.

అందులో వేగం లేదు. ఇనుము మీద ఇనుము కొట్టినట్టు నెమ్మదిగా, బరువుగా దెబ్బలు. వాటి మీద ఒక గొంతు. కడుపు నిండా ఉప్పు, స్ప్లీన్ అని పేరు. స్ప్లీన్ అంటే ప్లీహం. ఇంగ్లీషులో ఆ మాటకి లోపల దాచుకున్న కోపం, చేదు అనే అర్థం కూడా ఉంది. కడుపు నిండా ఉప్పు ఎవరికి ఉంటుంది? సముద్రంలో మునిగిపోయిన వాళ్లకి. యుద్ధాల నుంచి పారిపోతూ పడవలెక్కి, అవతలి ఒడ్డు చేరకముందే నీళ్లు మింగి పోయినవాళ్ల గురించి ఈ పాట. 2015లో టర్కీ ఒడ్డున బోర్లా పడి ఉన్న చిన్న సిరియా పిల్లాడి ఫొటో మీలో కొంతమందికి గుర్తుండే ఉంటుంది. ఎర్ర టీషర్ట్, కాళ్లకి బూట్లు. లిరిక్స్ చదివినప్పుడు నాకు ఆ పిల్లాడే కళ్ల ముందుకొచ్చాడు.

నేను ఇవన్నీ చదివింది అమ్మమ్మని చూసి నవ్విన కొన్ని వారాల తర్వాత. ఆవిడకి ఇంగ్లీషు రాదు. మెటల్ అంటే ఏంటో తెలియదు. స్పీకర్‌లోంచి వచ్చింది విని, ఎవరో ఏడుస్తున్నారు పాపం అంది. నేను బ్లాస్ట్ బీట్ గురించి, గిటార్ ట్యూనింగ్ గురించి అన్నీ తెలిసి కూడా ఆ ఒక్కటి వినలేదు. ఆ రోజు సాయంత్రం వెళ్లి, "అమ్మమ్మా, నువ్వన్నది కరెక్టే, వాళ్లు పడవ మునిగి పోయినవాళ్ల గురించి పాడుతున్నారు" అని చెప్పాను. ఆవిడ చేతిలో పని ఆపి, "పిల్లలు కూడా ఉన్నారా అందులో?" అని అడిగింది. ఉన్నారన్నాను. ఇంకేం మాట్లాడలేదు.

ఈ సంగీతం అందరికీ నచ్చాలని లేదు. మూడుసార్లు విన్నా ఎక్కకపోతే వదిలేయండి, ఎవరూ ఏమనుకోరు. కానీ పది సెకన్లలో తోసేయకుండా ఒక్కసారి చివరి పాట దాకా వెళ్లండి. పక్కన ఇంట్లో వాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లకి ఏం వినిపించిందో అడగండి. వాళ్లేమన్నారో కింద రాయండి, నేను చదువుతాను. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా వాల్యూమ్ తగ్గించుకుని వినండి. ఉంటాను మరి.